ప్రజాప్రతినిధి వావిలాల

పల్నాడు పేరు వినగానే తెలుగువారికి మొదట స్ఫురించేది కారెంపూడి రణరంగం. పన్నెండవ శతాబ్దంలో గురజాల, మాచర్ల రాజధానులుగా సాగిన దాయాదుల పోరు ఆ నేలను నెత్తుటితో తడిపింది. రాజ్యం ఎవరిదన్న ప్రశ్నకు ఆ వీరగాథలో మొదట కోడిపందెం, తరువాత కత్తి సమాధానం చెప్పాయి. ఏలిక ఎవరో నిర్ణయించే విషయంలో ప్రజకు ఏ పాత్రా లేదు. అదే ప్రశ్నకు నేడు పల్నాటి ప్రజలు ఓటుతో సమాధానం చెబుతున్నారు. కత్తి నుండి ఓటు వరకు సాగిన ఈ ప్రయాణం సులభమైనది కాదు. ఓటు లభించిన తరువాత కూడ ఆ ఓటు ప్రజల గొంతుగా మారడానికి ఎందరో శ్రమించవలసి వచ్చింది. అట్లా శ్రమించిన మహనీయులలో వావిలాల గోపాలకృష్ణయ్య గారు ఒకరు.

వావిలాల 1906 సెప్టెంబరు 17న సత్తెనపల్లిలో జన్మించారు. నాడు గుంటూరు జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరింది. ఆయన పెరిగిన కాలంలో ఈ ప్రాంతపు సామాన్యునికి ప్రభుత్వమంటే పన్ను వసూలు చేసే అధికారి మాత్రమే. 1921–22 సంవత్సరాలలో పల్నాటి రైతులు పుల్లరి చెల్లించబోమని ఎదురు తిరిగారు. అడవిలో పశువులను మేపుకోవడానికి కట్టవలసిన పన్నునే పుల్లరి అంటారు. ఆ ఉద్యమానికి నాయకత్వం వహించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు బలి అయ్యాడు. అప్పటికి వావిలాల పదిహేనేండ్ల బాలుడు.

ఆ ఉద్యమం వెనుక ఆకలి ఉన్నది, అవమానం ఉన్నది. వాటితో పాటు ప్రాతినిధ్యానికి సంబంధించిన ప్రశ్న కూడ ఉన్నది. పన్ను చెల్లించేవానికి ఆ పన్నును నిర్ణయించడంలో పాలు ఉండాలా, వద్దా? 1919 నాటి చట్టం ప్రకారం మద్రాసు శాసనమండలికి 1920లో ఎన్నికలు జరిగిన మాట నిజమే. అయితే భూమిశిస్తు, పన్నులు నిర్ణీత పరిమాణంలో చెల్లించే వారికే నాడు ఓటుహక్కు. నాలుగు కోట్లకు పైగా జనాభా గల మద్రాసు రాజధానిలో ఓటర్లు సుమారు పన్నెండున్నర లక్షలు. అంటే నూటికి ముగ్గురు. పశువులు కాచుకొనేవాడు, కూలి చేసుకొనేవాడు, చెంచు, దళితుడు ఆ ముగ్గురిలో ఉండే అవకాశం దాదాపు లేదు. 1935 చట్టం వచ్చిన తరువాత కూడ బ్రిటిష్ ఇండియాలో ఓటర్లు నూటికి పద్నాలుగు మంది వరకే పెరిగారు. వావిలాల తరం వారు స్వరాజ్యాన్ని కోరడానికి గల కారణాలలో ఈ లోటు కూడ ఒకటి.

1930లో ఉప్పు సత్యాగ్రహం ఆరంభం కాగానే యువకుడైన వావిలాల అందులో పాల్గొన్నారు. స్వాతంత్ర్యోద్యమంలో పలుమార్లు కారాగారవాసం అనుభవించారు. గాంధీజీ నిర్మాణ కార్యక్రమం ఆయన జీవన విధానంగా మారింది. ఖద్దరు ధరించి, నిరాడంబరంగా జీవించిన ఆయనను ప్రజలు ఆంధ్రా గాంధీ అని గౌరవంగా పిలుచుకొన్నారు. ఆయన గ్రంథాలయోద్యమంలోను కృషి చేశారు. చదవనేర్చిన మనిషి తన హక్కును తాను తెలుసుకోగలడు. హక్కు తెలిసినవాడు దానిని అడగగలడు. ఆనాటి గ్రంథాలయ కార్యకర్తలను నడిపించిన విశ్వాసం ఇదే. ఊరి గ్రంథాలయంలో ఒకరు పత్రిక చదువుతుండగా పదిమంది చుట్టూ చేరి వినే కాలమది. ప్రజాస్వామ్యానికి పునాదులు పడినది అటువంటి చోట్లనే.

1950 జనవరి 26న అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం ఇరువది యొక్క ఏండ్లు నిండిన ప్రతి పౌరునికి ఓటుహక్కు ప్రసాదించింది. ఈ వయస్సు పద్దెనిమిదికి తగ్గినది 1989లో. ఆస్తి, విద్య, కులం, మతం, లింగం అనే భేదాలు ఓటుకు అడ్డుగా నిలువరాదని రాజ్యాంగ నిర్మాతలు నిశ్చయించారు. 1951 జనాభా లెక్కల నాటికి దేశంలో అక్షరాస్యులు నూటికి పద్దెనిమిది మందే. చదువు రాని కోట్లాది జనం ఎట్లా ఓటు వేస్తారని సందేహించినవారు లేకపోలేదు. ఆ సందేహానికి తొలి సార్వత్రిక ఎన్నికలలో దొరికిన ఉపాయం ఎన్నికల గుర్తు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిపై ఆ అభ్యర్థి గుర్తును అంటించారు. ఓటరు తన చేతిలోని పత్రాన్ని తనకు నచ్చిన గుర్తు గల పెట్టెలో వేయాలి. అక్షరం రానివాడు కూడ రహస్యంగా, స్వేచ్ఛగా తన ఇష్టాన్ని తెలిపే వీలు కలిగింది. అభ్యర్థులందరి గుర్తులను ఒకే పత్రంపై ముద్రించి, ఓటరు చేత ముద్ర వేయించే పద్ధతి తరువాత వచ్చింది.

అట్టి తొలి ఎన్నికలలోనే, 1952లో, వావిలాల సత్తెనపల్లి నుండి మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ తరువాత 1955, 1962, 1967 సంవత్సరాలలోను అక్కడి ప్రజలు ఆయననే గెలిపించారు. 1972 వరకు ఇరువది సంవత్సరాల పాటు ఆయన శాసనసభ్యునిగా ఉన్నారు. ఈ కాలంలో ఆయన మూడు శాసనసభలలో కూర్చొన్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడగా, మద్రాసు శాసనసభలోని ఆంధ్ర ప్రాంత సభ్యులే కర్నూలులో కొత్త శాసనసభగా సమావేశమయ్యారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించడంతో సభ హైదరాబాదుకు తరలింది. 1957లో తెలంగాణ ప్రాంతంలో మాత్రమే శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఆంధ్ర ప్రాంతంలో 1955లో ఎన్నికైన సభ్యులు 1962 వరకు కొనసాగారు. రాజధాని మద్రాసు నుండి కర్నూలుకు, కర్నూలు నుండి హైదరాబాదుకు మారింది. సత్తెనపల్లి ప్రతినిధి మాత్రం మారలేదు. తెలుగువారందరు ఒకే రాష్ట్రంగా ఉండాలని కోరిన విశాలాంధ్ర వాదులలో వావిలాల ఒకరు. ఆ పేరుతోనే ఆయన ఒక గ్రంథాన్ని కూడ రచించారు.

ఇక్కడ 1955 నాటి ఎన్నికలను గూర్చి కొంత వివరంగా తెలుసుకోవాలి. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో అవిశ్వాస తీర్మానంలో ఓడిపోయింది. ఫలితంగా రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు జరిగాయి. మొత్తం స్థానాలు 196. కాంగ్రెసుకు నూటికి సుమారు 39 ఓట్లు వచ్చాయి. స్థానాలు 119 లభించాయి. కమ్యూనిస్టు పార్టీకి నూటికి సుమారు 31 ఓట్లు వచ్చాయి; స్థానాలు మాత్రం 15. ఓట్లలో తేడా ఎనిమిది పాళ్లు. స్థానాలలో తేడా ఎనిమిది రెట్లు. అంతకు ముందు 1952లో ఆంధ్ర ప్రాంతంలో కమ్యూనిస్టులు 41 స్థానాలు, కాంగ్రెసు వారు 40 స్థానాలు గెలిచి సరిసమానంగా నిలిచారు. మూడేండ్లలో ఇంతటి వ్యత్యాసం రావడానికి కారణమేమి?

దానికి సమాధానం మన ఎన్నికల పద్ధతిలో ఉన్నది. ఒక నియోజకవర్గంలో పదివేల ఓట్లు పోలైనవనుకొందాం. ముగ్గురు అభ్యర్థులకు వరుసగా నాలుగు వేలు, మూడున్నర వేలు, రెండున్నర వేలు వచ్చినవనుకొందాం. నాలుగు వేలు వచ్చినవాడు గెలుస్తాడు. అతనికి ఓటు వేయనివారు ఆరు వేలమంది ఉన్నా, అందరికంటె ఎక్కువ ఓట్లు పొందినవాడే విజేత. 1952లో కమ్యూనిస్టులకు ఎదురు నిలిచిన పక్షాలు చీలి ఉండగా, 1955లో కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఒక్కటై నిలిచాయి. ఎదుటివారి ఓట్లు ఒకచోట చేరడంతో, రాష్ట్రమంతటా గణనీయంగా ఓట్లు పొందిన పార్టీ కూడ చాలా చోట్ల రెండవ స్థానంలో మిగిలిపోయింది. రెండవ స్థానానికి శాసనసభలో కుర్చీ లేదు.

పార్టీలకు వచ్చిన ఓట్ల నిష్పత్తిలోనే స్థానాలు పంచే పద్ధతి కూడ ప్రపంచంలో ఉన్నది. దానిని దామాషా ప్రాతినిధ్యం అంటారు. ఐరోపా ఖండంలో అనేక దేశాలు దానిని అనుసరిస్తున్నాయి. మన రాజ్యాంగ సభలోను ఆ ప్రతిపాదన వచ్చింది. దేశంలో అక్షరాస్యత తక్కువగా ఉన్నదని, ఆ పద్ధతిలో చిన్న చిన్న పక్షాలు పెరిగి ప్రభుత్వాలు నిలకడ కోల్పోతాయని డాక్టర్ అంబేద్కర్ దానిని అంగీకరించలేదు. అయితే మన రాజ్యసభ ఎన్నికలలో ఓటు బదిలీతో కూడిన దామాషా విధానమే నేటికీ అమలులో ఉన్నది. ఒక పద్ధతి నిలకడనిస్తుంది. మరొక పద్ధతి అన్ని అభిప్రాయాలకు చోటునిస్తుంది. రెండు మేళ్లనూ పూర్తిగా ఇవ్వగల పద్ధతి ఇంతవరకు ఏ దేశమూ కనుగొనలేదు.

ఆ 1955 సభలో 22 మంది స్వతంత్ర సభ్యులున్నారు. వారిలో వావిలాల ఒకరు. ఏ పార్టీకి చెందక, స్వతంత్రునిగా గెలవడం సామాన్యమైన విషయం కాదు. పార్టీ అభ్యర్థికి ప్రజలెరిగిన గుర్తు ఉంటుంది, ఊరూరా కార్యకర్తలుంటారు, రాష్ట్రస్థాయి నాయకులు వచ్చి ప్రచారం చేస్తారు. స్వతంత్రునికి తన గుర్తును సైతం ప్రతి ఎన్నికలోను మొదటి నుండి పరిచయం చేసుకోవలసి వస్తుంది. అతని పెట్టుబడి అతని నడవడి ఒక్కటే. వామపక్షాల వారు వావిలాలను బలపరిచిన మాట వాస్తవమే. అయినా ఆయన 1962లోను, 1967లోను స్వతంత్రునిగానే పోటీచేసి గెలిచారు. పార్టీల బలాబలాలు తారుమారైనా సత్తెనపల్లి ఓటర్లు మనిషిని చూచి ఓటు వేయడం మానలేదు.

స్వతంత్ర సభ్యునికి గల పరిమితులను కూడ మనం గుర్తించాలి. అతడు మంత్రివర్గాన్ని ఏర్పరచలేడు. ఒంటరిగా ఏ చట్టాన్నీ చేయించలేడు. సభ్యులందరూ స్వతంత్రులే అయితే ఏ ప్రభుత్వమూ నిలువదు. పార్టీ అనేది వేలాది అభిప్రాయాలను కూర్చి ఒక కార్యక్రమంగా మలిచే సాధనం. అది లేనిదే పార్లమెంటరీ విధానం సాగదు. అయితే స్వతంత్రుడు చేయగల పని ఒకటున్నది. పార్టీ ఆదేశానికి కట్టుబడిన సభ్యుడు మౌనంగా ఉండవలసిన చోట అతడు మాట్లాడగలడు. ప్రభుత్వం మంచిపని చేస్తే బలపరచి, తప్పు చేస్తే ప్రశ్నించే వీలు అతనికి ఉంటుంది. వావిలాల శాసనసభా జీవితానికి విలువ కలిగించినది ఈ స్వేచ్ఛయే.

ప్రాతినిధ్యం వలన కలిగే ఫలితానికి నాగార్జునసాగర్ ఒక నిదర్శనం. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో కృష్ణా–పెన్నార్ పథకం ప్రతిపాదనలో ఉండేది. ఆ పథకం ద్వారా కృష్ణా జలాలు తమిళ ప్రాంతానికి తరలిపోతాయని ఆంధ్రులు ఆందోళన చెందారు. తమ పొలాల ప్రక్కనే కృష్ణ ప్రవహిస్తున్నా పల్నాటి రైతు వాననే నమ్ముకొని జొన్నలు, సజ్జలు పండించుకొనే రోజులవి. నందికొండ వద్ద ఆనకట్ట నిర్మించాలని ముక్త్యాల రాజా వంటివారు పట్టుబట్టారు. ఆ ప్రాజెక్టు సాధనకు పాటుపడినవారిలో వావిలాల కూడ ప్రముఖులు. 1952లో ఖోస్లా సంఘం నందికొండ పథకానికి అనుకూలంగా నివేదిక ఇచ్చింది. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. జవహర్ కాలువగా పేరొందిన కుడికాలువ క్రింద పదకొండు లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు నిర్ణయమయింది. మాచర్ల మొదలు నరసరావుపేట వరకు పల్నాటి మెట్ట నేలలకు కృష్ణమ్మ నడిచి వచ్చింది. పుల్లరి కాలంలో తన మాట వినేవారు లేక రైతు తిరుగుబాటు చేయవలసి వచ్చింది. ఒక తరం గడిచేసరికి అదే రైతు ఓటు అతనికి నీటిని కోరగల గొంతునిచ్చింది.

వావిలాల కృషి శాసనసభతో ముగియలేదు. ఆయన దృష్టిలో ప్రాతినిధ్యానికి మరొక పార్శ్వం ఉన్నది. అది భాష. ప్రజలు తెలుగులో ఆలోచించి ఓటు వేస్తారు. వారు ఎన్నుకొన్న ప్రభుత్వం వారికి పంపే ఉత్తరువు ఆంగ్లంలో ఉంటే, ఓటరు తన ప్రభుత్వం మాటను మరొకరి చేత చదివించుకోవలసి వస్తుంది. పట్టాదారు తన పొలం కాగితాన్ని తాను చదువుకోలేడు. అర్జీ వ్రాయడానికి అతనికి మధ్యవర్తి కావాలి. ఆ మధ్యవర్తి చేతిలోకి పౌరుని హక్కు జారిపోతుంది. రాజ్యాంగంలోని 345వ అధికరణం రాష్ట్రాలకు తమ అధికారభాషను నిర్ణయించుకొనే అధికారమిచ్చింది. దాని ననుసరించి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1966లో అధికారభాషా చట్టాన్ని చేసింది. చట్టం వచ్చినంత మాత్రాన కార్యాలయాలలో ఆంగ్లం అలవాటు పోలేదు.

1974లో ప్రభుత్వం అధికారభాషా సంఘాన్ని నెలకొల్పి, దానికి వావిలాలను తొలి అధ్యక్షునిగా నియమించింది. 1977 వరకు ఆ బాధ్యతను ఆయన నిర్వహించారు. జిల్లాలలో పర్యటించి, కార్యాలయాలకు వెళ్లి, దస్త్రాలు తెలుగులో నడుస్తున్నవో లేదో స్వయంగా పరిశీలించారు. తెలుగు టైపు యంత్రాల వాడకాన్ని ప్రోత్సహించారు. ఆయన తెలుగును కోరినది పాండిత్య ప్రదర్శన కోసం కాదు. గుమాస్తా వ్రాసిన వాక్యం గ్రామస్థునికి అర్థం కావాలన్నదే ఆయన పట్టుదల. పాలకునికీ పాలితునికీ నడుమ నిలిచిన తెరను తొలగించడం ఎన్నికలు జరపడమంత ముఖ్యమైన కార్యమని ఆయన భావించారు. ఈ దృష్టితో చూస్తే శాసనసభ్యుడు వావిలాల, అధికారభాషా సంఘం అధ్యక్షుడు వావిలాల చేసినది ఒకే పని.

పదవులు లేని కాలంలోను ఆయన ప్రజాజీవితం నుండి విరమించుకోలేదు. మద్యనిషేధం కోసం వృద్ధాప్యంలోను గళమెత్తారు. 1992లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ పురస్కారం ప్రదానం చేసింది. 2003 ఏప్రిల్ 29న, తొంబది ఆరేండ్ల వయస్సులో, ఆయన పరమపదించారు.

వావిలాల తరువాతి కాలంలో ప్రాతినిధ్యం స్వరూపం చాలా మారింది. 1967లో ఆయన చివరిసారి గెలిచినపుడు ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 287 స్థానాలలో 68 మంది స్వతంత్రులున్నారు. 2019లోను, 2024లోను ఆంధ్రప్రదేశ్ శాసనసభకు జరిగిన ఎన్నికలలో 175 స్థానాలకు గాను ఒక్క స్వతంత్రుడు కూడ గెలవలేదు. 1985లో వచ్చిన పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం, గెలిచిన తరువాత పార్టీ మారే సభ్యుని సభ్యత్వాన్ని రద్దు చేస్తుంది. స్వతంత్రునిగా గెలిచి పార్టీలో చేరినవారికి కూడ ఇది వర్తిస్తుంది. ఓటరు తీర్పును అమ్ముకొనేవారిని అరికట్టడానికి ఈ చట్టం అవసరమయింది. అయితే సభలో పార్టీ ఆదేశానికి భిన్నంగా ఓటు వేసే స్వేచ్ఛ కూడ దీనివలన సన్నగిల్లింది. ఎన్నికల వ్యయం పెరిగిన కొలదీ, నడవడిని మాత్రమే నమ్ముకొని పోటీ చేసేవానికి దారి ఇరుకయింది. సభలో సభ్యుడు పార్టీకి జవాబుదారీయా, తనను పంపిన ప్రజలకు జవాబుదారీయా అన్న ప్రశ్న నేటికీ తేలలేదు.

ఆ ప్రశ్నకు వావిలాల సిద్ధాంతగ్రంథం వ్రాసి సమాధానం చెప్పలేదు, జీవించి చూపారు. ఓటు వేసినవారికి ఎంతగా బాధ్యుడో, వేయనివారికీ అంతగా బాధ్యుడైనవాడే ప్రతినిధి. అతడు ప్రజల భాషలో ప్రజల మాటను సభకు చేర్చాలి. సభ చేసిన నిర్ణయాన్ని తిరిగి ప్రజల భాషలో వారికి చేర్చాలి. మొదటి పని ఆయన సత్తెనపల్లి ప్రతినిధిగా చేశారు. రెండవ పని అధికారభాషా సంఘం అధ్యక్షునిగా చేశారు. పద్దెనిమిదేండ్లు నిండగానే ఓటరు జాబితాలో పేరు నమోదు చేసుకోబోయే విద్యార్థులకు ఆయన జీవితం ఒక కొలబద్ద. తమ ముందుకు వచ్చే ప్రతి అభ్యర్థిని ఆ కొలబద్దతో కొలిచి చూడడమే వావిలాలకు వారు అర్పించగల నివాళి.